గుండ్రంగా ఉన్నదల్లా సున్నా కాదు: కన్నడ అంకెల కోడ్ సంగతి

కన్నడ సున్నా, తెలుగు సున్నా, కన్నడ అనుస్వారం: మూడింటినీ పక్కపక్కన రాస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. కంప్యూటర్‌కు ఆ పోలికతో పని లేదు. ప్రపంచ లిపుల్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య (కోడ్) ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో మొదటిది 3302, రెండోది 3174, మూడోది 3202.

కన్నడ అంకెలు 3302 నుంచి 3311 దాకా వరుసగా ఉంటాయి. కోడ్‌లోంచి 3302 తీసేస్తే అంకె విలువ వస్తుంది. 3254 తీసేస్తే మనం రోజూ వాడే 0–9 అంకెల కోడ్ (ఇంగ్లీషు అక్షరాల పాత ప్రమాణం ఆస్కీలోది) వస్తుంది. 128 తీసేస్తే అదే తెలుగు అంకె! ఈ 128 వెనుక చిన్న చరిత్ర ఉంది. యూనికోడ్‌కు ముందు భారతీయ లిపులకు వాడిన ఇస్కీ ప్రమాణంలో ఏ లిపి అంకెలకైనా 241–250 కోడ్‌లే. లిపి ఏదన్నది వేరే గుర్తు చెప్పేది. యూనికోడ్ ఇస్కీ అమరికనే తీసుకుని, ఒక్కో లిపికి 128 గళ్లు విడిగా ఇచ్చింది. తెలుగు పక్కనే కన్నడం ఉంది కాబట్టి తేడా సరిగ్గా అంతే.

దాచేటప్పుడు పెద్ద స్థానం అంకె ముందు వస్తుంది: 15 అంటే 3303, తర్వాత 3307. యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో కన్నడ అంకెకు మూడు బైట్లు పడతాయి. సున్నాకైతే 224, 179, 166. పది అంకెల ఫోన్ నంబరుకు ముప్ఫై బైట్లన్నమాట. డేటాబేస్‌లో గడి పొడవును బైట్లలో పదిగా పెట్టి ఉంటే నంబరు పట్టదు. ఆ మూడు బైట్లను పాత విండోస్ పాశ్చాత్య కోడ్‌గా చదివితే తలపై గీతున్న ఇంగ్లీషు ‘a’, పైకెక్కిన చిన్న 3, విరిగిన నిలువు గీత కనిపిస్తాయి. ఇవి కనిపిస్తే ఫాంటును తిట్టి లాభం లేదు, ఫైలును తప్పు కోడ్‌తో తెరిచారని అర్థం. ఎస్సెమ్మెస్‌లో మామూలుగా 160 అక్షరాలు పడతాయి. ఒక్క కన్నడ అంకె చేరినా ఆ హద్దు 70కి పడిపోతుంది.

అసలు చిక్కు ప్రోగ్రాముల్లో. ప్రోగ్రాములు రాసే భాషల్లో పైథాన్ కన్నడ అంకెలను సంఖ్యగా చదివేస్తుంది, పక్కన తెలుగు అంకె కలిసినా అభ్యంతరం చెప్పదు. జావాస్క్రిప్ట్ వాటిని సంఖ్యగా ఒప్పుకోదు. పైథాన్‌లో ‘అంకె అయితే చాలు’ అని తనిఖీ రాస్తే కన్నడ అంకెల పిన్‌కోడ్ దాటిపోతుంది, అలాగే నిల్వ అవుతుంది, 560001 అని వెతికితే దొరకదు. ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకటి చేసే యూనికోడ్ సాధారణీకరణ సరిచేస్తుందనుకుంటే పొరపాటే, అది కన్నడ అంకెలను ముట్టుకోదు. లోపలికి రాగానే 3254 తీసేసి మార్చుకోవాలి, ఆ తర్వాతే తనిఖీ చేయాలి. ఒకే సంఖ్యలో రెండు లిపుల అంకెలుంటే తిరస్కరించడం మంచిది. తెలుగు, కన్నడ ఒకట్లు ఎంతగా పోలి ఉంటాయంటే మోసానికి అంతకన్నా అనువైన జంట ఉండదు.

సున్నా బదులు అనుస్వారం కొట్టడం మరో తప్పు. కొన్నిచోట్ల చుక్కల వలయం కనబడి గుట్టు బయటపడుతుంది, కొన్నిచోట్ల కంటికి ఏమీ తెలియదు, లెక్క మాత్రం తప్పుతుంది. తెలుగువాళ్లకు దీని తిరగబడ్డ రూపం బాగా పరిచయం: ‘అందరూ’ బదులు ‘అ౦దరూ’. రెండోదాంట్లో ఉన్నది అంకె! ఆ మాట వెతుకులో దొరకదు, అకారాది క్రమంలో ఎక్కడో తేలుతుంది. సరిచేయడానికి అన్ని సున్నాలనూ ఒక్క దెబ్బకు మార్చేస్తే ‘౧౦వ’ లాంటివి పాడవుతాయి. సున్నాకు ముందు అక్షరమో గుణింతపు గుర్తో ఉంటేనే అనుస్వారం చేయాలి, అంకె ఉంటే కదపకూడదు.