రక్తం ఎక్కించిన రాత్రే పొట్ట ఉబ్బింది

"పసిదానికి రక్తం ఎక్కించిన్రు బిడ్డా, తెల్లారేసరికి పొట్ట డోలు లెక్క అయింది." మహారాష్ట్ర చివర సిరొంచలో ఓ అమ్మమ్మ నాతో అన్న మాట ఇది. నది దాటితే కాళేశ్వరం, ఇంకా పోతే వరంగల్. ఏడో నెలలో పుట్టిన మనవరాలిని అటే తీసుకెళ్లారు. పిల్ల దక్కింది. రక్తం మీద అనుమానం మాత్రం పోలేదు.

ఆ అనుమానం డాక్టర్లకూ ఉండేది. నెలలు నిండని పిల్లల్లో పేగు వాచి, కుళ్లి, ఒక్కోసారి చిల్లు పడే జబ్బు నెక్రోటైజింగ్ ఎంటరోకొలైటిస్. పొట్ట ఉబ్బుతుంది, పాలు పట్టే ట్యూబులోంచి పసరు వస్తుంది, విరేచనంలో రక్తం పడుతుంది. 1978లో అమెరికా డాక్టర్ బెల్ బృందం దీన్ని దశలుగా విభజించింది. కొందరిలో రక్తం ఎక్కించిన 48 గంటల్లోపే ఇది రావడం 1980ల నుంచీ కంటపడుతోంది. ఎక్కించేటప్పుడు పాలు ఆపే అలవాటు కొన్ని ఆస్పత్రుల్లో అలా వచ్చిందే.

2016లో అట్లాంటా పరిశోధకులు కిలోన్నర లోపు బరువున్న 598 మంది పిల్లల్ని గమనించి కథ మార్చారు. ఎక్కించిన రక్తానికి, జబ్బుకు సంబంధం కనిపించలేదు. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ 8 గ్రాములకో, ఇంకా కిందకో పడిపోయిన పిల్లల్లోనే ముప్పు ఎక్కువగా తేలింది. ఆక్సిజన్ చాలని పేగు దెబ్బతింటుందని ఒక వివరణ. అలాగని ముందే రక్తం ఎక్కిస్తే సరిపోతుందా? 2020లో 1,800 మందికి పైగా పిల్లలపై వచ్చిన ట్రయల్‌లో ముందే ఎక్కించినవాళ్లకూ, ఆగి ఎక్కించినవాళ్లకూ ఈ జబ్బు విషయంలో తేడా రాలేదు. కాబట్టి ఆ అమ్మమ్మకు నేను గట్టిగా ఏదీ చెప్పలేకపోయాను.

అసలు రక్తం ఎందుకు తగ్గుతుంది? తల్లి నుంచి ఇనుము ఎక్కువగా చేరేది చివరి మూడు నెలల్లో. ఆ నెలలే వీళ్లకు లేవు. రక్తం తయారుచెయ్యమని ఒంటికి చెప్పే హార్మోనూ తక్కువే. దానికి తోడు పరీక్షలు. కిలో పిల్ల ఒంట్లో మొత్తం రక్తం 80, 90 మిల్లీలీటర్లు, హోటల్లో ఇచ్చే చిన్న చాయ్ గ్లాసుడు. అందులోంచే రోజూ సిరంజితో తీస్తారు.

పేగుకు కాపలా తల్లిపాలే. డబ్బాపాలు మాత్రమే తాగిన పిల్లల్లో ఈ జబ్బు ఆరు నుంచి పది రెట్లు ఎక్కువని 1990లోనే బ్రిటన్ అధ్యయనం చూపింది. అంతకు ఏడాది ముందే ముంబయి సయన్ ఆస్పత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ తల్లిపాల బ్యాంకు తెరిచారు. మన రాష్ట్రమే, కాకపోతే ఆ చివర.

బొడ్డుతాడు కొయ్యడానికి కనీసం నిమిషం ఆగమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ నిమిషంలో చేరే రక్తం వల్ల తర్వాత ఎక్కించే అవసరం తగ్గుతుంది.

అమ్మమ్మ దాచిన ఫైలు చూశాను. ఎక్కించిన రక్తం లెక్క ఉంది. పరీక్షలకు తీసిన రక్తం లెక్క ఎక్కడా లేదు.