దగ్గే మనిషి దగ్గర రక్తం తీసేటప్పుడు

నల్లగొండ

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఇంటర్‌లో ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) తీసుకున్నవాళ్లు, డిప్లొమా చదువుతున్నవాళ్లు కొద్ది రోజుల్లో దవాఖానల్లో పనికి దిగుతారు. కొందరు నల్లగొండలోనే ఉంటారు, కొందరు మిర్యాలగూడ, దేవరకొండ పోతారు, ఇంకొందరు అచ్చంపేట, కొల్లాపూర్ దిక్కు. వానలు పడ్డాయంటే జ్వరాలు, దగ్గులు మొదలవుతాయి. ఫ్లూ కావచ్చు, కోవిడ్ కావచ్చు, ఇంకా పేరు తేలని వైరస్ కావచ్చు. అట్లాంటి మనిషి మీ ముందు కూర్చుని, దగ్గుతూనే చెయ్యి చాపుతాడు. అప్పుడు ఏం చేయాలో, ఎందుకు చేయాలో ముందే తెలిసి ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట ఒక సంగతి బాగా ఎక్కించుకోండి. దగ్గు వైరస్ ఉన్న రోగి రక్తాన్ని చూసి అందరూ జడుసుకుంటారు గానీ, ఆ వైరస్ ఉండేది ప్రధానంగా ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో. కోవిడ్ ముదిరిన కొందరి రక్తంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యుపదార్థం) కనిపించిన మాట నిజమే. అయినా ఆ జబ్బు పాకేది దగ్గు తుంపర్ల వల్ల, ఊపిరి వల్ల. అందుకే వైరస్ ఉందో లేదో తేల్చడానికి దూది పుల్లతో ముక్కులోంచి స్వాబ్ తీస్తారు. రక్తం తీసేది జబ్బు ఎంత ముదిరిందో చూడడానికి: సీబీపీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపు), డీ-డైమర్ (రక్తం గడ్డకట్టే జాడ), క్రియాటినిన్ (కిడ్నీల పని), షుగర్.

అంటే ఆ మంచం పక్కన మీకు రెండు వేర్వేరు ప్రమాదాలు. ఒకటి రోగి ఊపిరి, రెండోది మీ చేతిలో ఉన్న సూది. సూది గుచ్చుకుంటే రావడానికి అవకాశం ఉన్నది ఫ్లూ కాదు, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్‌ఐవీ. టీకా వేసుకోని వాళ్లకు హెపటైటిస్-బి ఉన్న రక్తపు సూది గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 మందికి అంటుకుంటుంది. హెపటైటిస్-సి నూటికి ఇద్దరికన్నా తక్కువ మందికి, హెచ్‌ఐవీ వెయ్యికి ముగ్గురికి. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా హెపటైటిస్-బి వైరస్ కనీసం 7 రోజులు బతికి ఉంటుంది.

కొన్ని ల్యాబుల్లో దగ్గు రోగుల ట్యూబుల మీద ఎర్ర స్టిక్కర్ అంటించి, వాటిని మాత్రమే భయంగా ముట్టుకుంటారు. ఈ పద్ధతి నాకు నచ్చదు. స్టిక్కర్ లేని ట్యూబును ఒట్టి చేతుల్తో పట్టుకునే అలవాటు అక్కడే పుడుతుంది. ఎవరి రక్తంలో ఏముందో మొఖం చూసి చెప్పలేం, కాబట్టి ప్రతి ట్యూబునూ ఒకే జాగ్రత్తతో పట్టుకోవాలి. దగ్గు రోగి దగ్గర దానికి అదనంగా చేరేది ఊపిరి నుంచి రక్షణ.

ఇక పనిలోకి వద్దాం. గదిలోకి పోయే ముందే అన్నీ ట్రేలో సర్దుకోండి: ట్యూబులు, సూదులు, టార్నికెట్ (చేతికి బిగించి కట్టే పట్టీ), దూది, స్పిరిట్, లేబుళ్లు. సగంలో బయటికొచ్చి మళ్లీ లోపలికి పోతే ఆ మురికి గ్లవ్స్‌తో తలుపు గొళ్లెం, అల్మారా పిడి అన్నీ ముట్టుకున్నట్టే. ఫోన్ బయటే పెట్టండి. చేతులు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడుక్కొని, వరసగా గౌను, మాస్కు, కళ్లద్దాలు, చివర గ్లవ్స్ వేసుకోండి. గ్లవ్స్ అంచు గౌను చేతుల మీదికి రావాలి. ఎన్95 అయితే ముక్కు మీది తీగ నొక్కి, గట్టిగా ఊపిరి వదిలి చూడండి. పక్కల నుంచి గాలి తగిలిందంటే అది సరిగ్గా కూర్చోలేదని అర్థం.

రోగికి కూడా మాస్కు వేయించండి. కిటికీ తెరవండి. టేబుల్ ఫ్యాన్ రోగి వెనకాల తిరుగుతుంటే ఆ ఊపిరంతా మీ మొఖం మీదికే, ముందు దాన్ని ఆపండి. ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, "అవ్వా, మొఖం జర అటు దిక్కు తిప్పు, దగ్గొస్తే ముందే చెప్పు" అని నెమ్మదిగా అడగండి. రోగిని కసురుకోవద్దు, చెయ్యి పట్టుకోవడానికి వెనకాడొద్దు. బెదిరిన మనిషి చెయ్యి గుంజుకుంటే సూది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

టార్నికెట్ గుచ్చే చోటుకు 7 నుంచి 10 సెంటీమీటర్ల పైన కట్టండి, ఒక నిమిషం దాటనీయొద్దు. ఎక్కువసేపు ఉంచితే రక్తం చిక్కబడి లెక్కలు మారతాయి. పిడికిలి పదేపదే బిగించి వదలమనడం కూడా తప్పే, పొటాషియం పెరిగినట్టు వస్తుంది. 70 శాతం స్పిరిట్‌తో 30 సెకన్లు తుడిచి, ఇంకో 30 సెకన్లు ఆరనివ్వండి. తడి మీద గుచ్చితే మంట పుడుతుంది, రక్తకణాలు కూడా పగులుతాయి. ఆరిన చోట మళ్లీ వేలు పెట్టొద్దు. సూది వాలు 30 డిగ్రీలు దాటకూడదు.

సూది లోపల ఉండగా దగ్గు తెర వచ్చిందనుకోండి. కంగారుగా గుంజొద్దు. ముందు టార్నికెట్ విప్పండి, దూది పెట్టి సూది తీయండి, ఆ తర్వాతే పక్కకు జరగండి. టార్నికెట్ బిగించి ఉండగానే సూది లాగితే రక్తం చిమ్ముతుంది.

ట్యూబుల వరస తప్పొద్దు. లేత నీలం మూత, ఆ తర్వాత ఎర్ర లేదా పసుపు మూత, ఆ తర్వాత వంగపండు రంగు మూత, చివర బూడిద రంగు మూత. వంగపండు మూతలో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ పొటాషియం లవణం, పైగా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అది చుక్క అంటినా తర్వాతి ట్యూబులో పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తుంది. అది చూసి డాక్టరు లేని జబ్బుకు వైద్యం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. నీలం మూతలో 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్‌కు (ఇది కూడా గడ్డకట్టనీయని మందే) 2.7 మిల్లీలీటర్ల రక్తం పడాలి, గీత దాకా నిండకపోతే ఆ ట్యూబు పనికిరాదు. సన్న గొట్టం తగిలించి ఉండే బటర్‌ఫ్లై సూదితో తీస్తే ఆ గొట్టంలోని గాలి మొదటి ట్యూబులోకే పోతుంది కాబట్టి, ముందు ఒక పారేసే ట్యూబు పెట్టి గాలి వెళ్లగొట్టండి. నిండాక నీలం మూతను 3, 4 సార్లు, వంగపండు మూతను 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయండి. గిలకొట్టొద్దు.

భద్రత గురించి చెప్తూ ఇదంతా ఎందుకంటే, పాడైన శాంపిల్ అంటే మళ్లీ సూది, మళ్లీ అదే దగ్గు ముందు నిలబడడం. ఒక్కసారికే సరిగ్గా తీయడం మీకూ రోగికీ పెద్ద రక్షణ.

సిరంజితో తీస్తే ట్యూబును ఎడమ చేత్తో పట్టుకొని మూతలోకి సూది గుచ్చొద్దు, సూదిపోట్లకు అది ఒక మామూలు దారి. ట్యూబును స్టాండులో నిలబెట్టి ఒక్క చేత్తో గుచ్చండి, లోపలి శూన్యమే రక్తాన్ని లాక్కుంటుంది. పిస్టన్ నొక్కితే కణాలు పగిలి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు) ఎర్రబడుతుంది. వాడిన సూదికి మళ్లీ టోపీ పెట్టొద్దు, ఎంత తొందరున్నా సరే. సూది కట్టరులో తుంచి, సూది బయటికి పొడుచుకురాని గట్టి తెల్ల డబ్బాలో వేయండి. ఆ డబ్బా ముప్పావు నిండితే మూసేయాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం రక్తపు దూది పసుపు సంచికి, గ్లవ్స్, సిరంజి ప్లాస్టిక్ ఎర్ర సంచికి పోతాయి. మాస్కు పసుపు సంచిలో వేయండి.

లేబుల్ మంచం పక్కనే, రక్తం తీసిన వెంటనే, రోగి నోటితో పేరు చెప్పించుకొని అంటించండి. ట్యూబు బయటి వైపు స్పిరిట్ దూదితో తుడిచేటప్పుడు లేబుల్ మీదికి పోనీయొద్దు. మార్కర్ రాతనూ బాల్‌పెన్ను రాతనూ స్పిరిట్ చెరిపేస్తుంది. పేరు పోయిన ట్యూబుకు మళ్లీ అదే కథ.

విప్పేటప్పుడు ఇంకా పైలంగా ఉండాలి. వేసుకునేటప్పుడు అన్నీ శుభ్రంగా ఉంటాయి, విప్పేటప్పుడు ఏదీ శుభ్రంగా ఉండదు. ముందు గ్లవ్స్, తర్వాత కళ్లద్దాలు, తర్వాత గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టి తీయండి. మధ్య మధ్యలో చేతులకు శానిటైజర్ రాయండి. మాస్కు మాత్రం గది బయటికి వచ్చాక, వెనకాల ఎలాస్టిక్ పట్టుకొని తీయాలి. చివర చేతులు మళ్లీ సబ్బుతో.

ల్యాబులో దగ్గరగా చూడాల్సింది మూత తీసే క్షణం. బొటనవేలితో మూతను 'టప్' మని ఎగరగొడితే కంటికి కనపడనంత సన్న తుంపర లేస్తుంది. మూత మీద గాజ్ గుడ్డ (పలచటి కట్టు గుడ్డ) కప్పి, మెల్లగా తిప్పుతూ, మీ మొఖానికి దూరంగా తీయండి. బయోసేఫ్టీ క్యాబినెట్ (తుంపరలు బయటికి రానీయని గాలి పెట్టె) ఉంటే అందులోనే తీయండి. సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబులను గిర్రున తిప్పి సీరం వేరుచేసే యంత్రంలో) ఎదురెదురు బరువులు సమానంగా ఉండాలి, బకెట్లకు మూతలుండాలి. ఆగిన వెంటనే తెరవకుండా 10 నిమిషాలు ఆగండి. లోపల ట్యూబు పగిలిన చప్పుడైతే స్విచ్ ఆపి, మూత 30 నిమిషాలు మూసే ఉంచండి, అప్పటికి తుంపర అడుక్కు దిగుతుంది. గాజు పెంకులు పటకారుతోనే ఏరాలి. రోటర్‌ను (లోపల తిరిగే భాగాన్ని) హైపోక్లోరైట్‌తో (బ్లీచ్ ద్రావణంతో) తుడిస్తే లోహం తినేస్తుంది, 70 శాతం స్పిరిట్ వాడండి.

నేల మీద, బల్ల మీద రక్తం ఒలికితే 1 శాతం హైపోక్లోరైట్. 5 శాతం సీసా అయితే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరుకు 33 గ్రాములు. గుడ్డ లేదా కాగితం కప్పి, అంచుల నుంచి మధ్యలోకి పోసి, 30 నిమిషాలు వదిలేయండి. ఏ రోజుది ఆ రోజే కలపాలి. మన దగ్గర మే నెల ఎండలో కిటికీ దగ్గర పెట్టిన సీసా వాసన ఉన్నా సత్తువ కోల్పోతుంది. బాత్‌రూమ్ యాసిడ్‌తో అస్సలు కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

పీహెచ్‌సీ నుంచి జిల్లా హబ్‌కు (జిల్లా పెద్ద ల్యాబుకు) పంపేటప్పుడు మూడు పొరలు: ట్యూబు, దాని చుట్టూ దూదితో కారని డబ్బా, బయట గట్టి పెట్టె. ట్యూబు పగిలితే ఉన్న రక్తమంతా పీల్చేంత దూది ఉండాలి. ఫారం ట్యూబుకు చుట్టొద్దు, విడి కవరులో పెట్టండి. ఎండకు భయపడి మంచు ప్యాకుకు ట్యూబును ఆనించొద్దు, రక్తం మంచులా గడ్డకడితే కణాలు పగిలిపోతాయి. గడ్డకట్టకున్నా, చల్లదనంలో ఉన్న రక్తకణాల నుంచి పొటాషియం సీరంలోకి కారుతుంది. అందుకే దూరపు ఊళ్ల నుంచి పంపేటప్పుడు ముందే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరం వేరుచేసి పంపాలి.

ఇంత చేసినా సూది గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బుతో, పారే నీళ్లతో కడగండి. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లు కొట్టండి. వెంటనే పెద్దలకు చెప్పండి. తిడతారని దాచొద్దు, బిడ్డా. హెచ్‌ఐవీ మందు ఎంత తొందరగా మొదలైతే అంత మేలు, 72 గంటలు దాటితే ఇవ్వరు.

పనిలో చేరే ముందు ఇంట్లో మీ టీకా కార్డు వెతకండి. హెపటైటిస్-బి మూడు డోసులు పడ్డట్టు లేకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మూడోది అయ్యాక నెల, రెండు నెలలకు యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్ష (టీకా పట్టిందో లేదో చెప్పేది) చేయించుకోండి. అది 10 ఎంఐయూ/ఎంఎల్ లేదా అంతకన్నా ఎక్కువ ఉందో చూసి, ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి, మీ ల్యాబు ఇన్‌చార్జికి ఒక నకలు ఇవ్వండి.

ఇట్లు
మీ తాత