టెన్షన్‌కి మందుల షాపులో అడిగేవి: అపోహలు - వాస్తవాలు

పరీక్షల తేదీలు దగ్గరపడితే హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు మందుల షాపుల్లో అడిగే మందులు మారిపోతాయి. నిద్ర పట్టడానికి, గుండెదడ తగ్గడానికి ఏదైనా ఇమ్మనే పిల్లలు పెరుగుతారు. నైట్ షిఫ్టుల వాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లు ఏడాది పొడుగునా అడుగుతూనే ఉంటారు. ఫార్మసిస్టుగా నేను రోజూ వినే మాటలివి.

అపోహ: అశ్వగంధ ఆయుర్వేదం కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

వాస్తవం: ఒత్తిడి, నిద్రలేమి మీద ఇది కొంత పనిచేస్తుందని చిన్న చిన్న అధ్యయనాల్లో తేలింది. అదీ కొన్ని వారాలు వాడాక. కానీ ఇది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచవచ్చు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు దీన్నీ మొదలుపెడితే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి రావచ్చు. అంటే ఏ బాధ తగ్గాలని కొన్నారో ఆ బాధే పెరుగుతుంది. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనూ ఉన్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపి డాక్టర్‌ని కలవండి. గర్భిణులు అసలు వాడకూడదు.

మొన్న ఒకావిడ అశ్వగంధ డబ్బా కౌంటర్ మీద పెట్టి, "రోజుకి రెండు వేసుకుంటున్నా బాబూ" అన్నారు. లేబుల్ తిప్పి చూస్తే ఒక్కో క్యాప్సూల్‌లో 500 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ ఉంది. అధ్యయనాల్లో ఎక్కువగా వాడింది రోజు మొత్తానికి 300 నుంచి 600 మిల్లీగ్రాములే. పాలలో కలుపుకునే చూర్ణం వేరు, ఈ గాఢమైన సారం వేరు. ఆవిడ సంచిలోనే థైరాయిడ్ మాత్రల సీసా కూడా ఉంది. ఆయుర్వేద మందు అమ్మడానికి మందుల షాపు లైసెన్స్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లోనో కిరాణా కొట్టులోనో కొంటే, ఇంకేం మందులు వాడుతున్నారమ్మా అని అడిగేవాళ్లుండరు. నన్ను భయపెట్టేది ఇదే.

అపోహ: "0.25 చిన్న గోళీయే కదన్నా, దానికి చీటీ ఎందుకు?"

వాస్తవం: ఆందోళన తగ్గించి మగత తెచ్చే అల్ప్రాజొలమ్ గురించి ఈ మాట. షీట్ అంచు కత్తిరించిన రేకు ముక్క తెస్తారు, దాని మీద మందు పేరు సగమే ఉంటుంది. అదే కావాలంటారు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోది. డాక్టర్ ఎవరు, పేషెంట్ ఎవరు, ఎన్ని ఇచ్చామన్నది విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలని 2014 నుంచి నియమం ఉంది. నియమం అటుంచితే, కొన్ని వారాలు వరుసగా వేసుకుంటే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, పాత డోసు చాలదు. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. ఒక్కసారిగా మానేస్తే ఆందోళన రెట్టింపు కావచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి ఇప్పటికే రోజూ వాడుతుంటే ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. డాక్టర్ కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

అపోహ: ఇంటర్వ్యూకి ముందు గుండెదడ తగ్గడానికి ఫ్రెండ్ ఇచ్చిన ప్రొప్రనొలాల్ ఒకటి వేసుకుంటే చాలు.

వాస్తవం: ఆస్తమా ఉంటే ఊపిరాడక ఆసుపత్రి పాలు కావచ్చు. షుగర్ మందులు వాడేవాళ్లకి షుగర్ పడిపోయినా గుండెదడ తెలియకుండా చేస్తుంది. ఇదీ చీటీ మీదే ఇవ్వాల్సిన మందు.

అపోహ: నిద్రకి సెట్రిజిన్, నీరసానికి బీ-కాంప్లెక్స్.

వాస్తవం: సెట్రిజిన్ అలర్జీ మందు, దాని మగత పొద్దున బండి నడిపేటప్పుడూ ఉండొచ్చు. బీ-కాంప్లెక్స్ లోపం ఉన్నవాళ్లకే పనికొస్తుంది. నిద్ర వేళను సరిచేసే హార్మోన్ మాత్ర మెలటోనిన్ కూడా షిఫ్టులు, ప్రయాణాల వల్ల నిద్ర వేళ తప్పినవాళ్లకి కొంత సాయం చేస్తుందేగానీ టెన్షన్‌కి మందు కాదు.

నిద్ర పట్టట్లేదన్నవాళ్లని నేను ముందు అడిగేది చివరి చాయ్ ఎన్నింటికి తాగారని. కెఫీన్‌లో దాదాపు సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి ఇరానీ చాయ్ తాగి పన్నెండుకి నిద్ర రాలేదంటే మాత్ర అక్కర్లేదు. గుండెదడ రోజుల తరబడి ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించమంటాను. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకుతుంటే గ్యాస్ మాత్ర అడగకుండా 108కి ఫోన్ చేయండి.

అపోహ: ఎర్రగడ్డ వెళ్తే పిచ్చి అనుకుంటారు.

వాస్తవం: అక్కడి ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీలో ఆందోళనకీ, నిద్రలేమికీ కూడా చూస్తారు. అంతవరకు వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, ఇంట్లో ఒకరికి చెప్పి అప్పుడే చేయండి.