తీవ్ర కోవిడ్ న్యుమోనియా: స్టెరాయిడ్, హెపారిన్ ఒకే కేసు షీటులోకి వచ్చిన తీరు

2021 వేసవిలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఆక్సిజన్ మీద ఉన్న రోగి కేసు షీటు తిరగేస్తే రెండు మందులు దాదాపు ఎప్పుడూ పక్కపక్కనే కనిపించేవి. ఒకటి డెక్సామెథసోన్ లేదా మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, అంటే వాపును అణచే మందు. రెండోది రక్తం గడ్డకట్టకుండా పొట్ట చర్మం కింద ఇచ్చే ఎనాక్సపారిన్ ఇంజెక్షన్, అంటే హెపారిన్ జాతి మందు. రెండింటిలో ఏదీ వైరస్‌ను చంపదు. రెండూ పాత మందులే, రెండూ వేర్వేరు దారుల్లో అక్కడికి చేరాయి.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1948లో కీళ్లవాతపు రోగికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూసిన ఫలితం ఎంత ఆశ్చర్యం కలిగించిందంటే, రెండేళ్లకే శాస్త్రవేత్తలు హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి దక్కింది. అయితే వైరస్ వల్ల వచ్చే న్యుమోనియాలో మాత్రం స్టెరాయిడ్ మీద వైద్యులకు అనుమానం పోలేదు. 2003లో కోవిడ్ వైరస్ జాతికే చెందిన సార్స్ వచ్చినప్పుడు చైనా, హాంకాంగ్‌లలో పెద్ద మోతాదుల్లో వాడారు. బతికి బయటపడినవారిలో కొందరికి ఆ తర్వాత తుంటి ఎముకకు రక్తప్రసరణ ఆగి ఎముక దెబ్బతింది. అదే జాతి వైరస్‌తో వచ్చే మెర్స్ రోగుల్లో స్టెరాయిడ్ పొందినవారి శరీరం నుంచి వైరస్ ఆలస్యంగా తొలగిందని తేలింది. అందుకే 2020 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పరిశోధనల్లో భాగంగా తప్ప కొత్త వైరస్‌కు స్టెరాయిడ్లు మామూలుగా ఇవ్వవద్దని సూచించింది. అప్పటికి చేతిలో ఉన్న ఆధారాలను బట్టి ఆ సూచన సరైనదే.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ ట్రయల్ (రోగుల మీద మందులను పోల్చి చూసే పరీక్ష) 2020 జూన్ 16న ఈ లెక్కను మార్చింది. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌ను గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల్లో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26.2 నుంచి 23.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మాత్రం మందు తీసుకోనివారు 14 శాతం చనిపోతే, తీసుకున్నవారు 17.8 శాతం చనిపోయారు. ఈ తేడా కాకతాళీయమూ కావచ్చు గానీ, మేలు జరిగిందనడానికి ఆధారమైతే లేదు. ఈ మూడో అంకెను అందరూ గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండేదని నాకు బలంగా అనిపిస్తుంది. తొలి వారంలో వైరస్ పెరుగుతున్నప్పుడు దానితో పోరాడేది మన రోగనిరోధక శక్తే. సాధారణంగా రెండో వారంలో అదే శక్తి అదుపు తప్పి ఊపిరితిత్తుల్లో వాపు రేపుతుంది. స్టెరాయిడ్‌కు పని ఉండేది అప్పుడే. జూన్ 27న భారత ఆరోగ్య శాఖ డెక్సామెథసోన్‌ను చికిత్సా విధానంలో చేర్చింది.

హెపారిన్ కథ 1916లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. కాలేయం నుంచి తీసిన పదార్థం రక్తాన్ని గడ్డకట్టనివ్వకపోవడాన్ని అక్కడి విద్యార్థి జే మెక్లీన్ గమనించాడు. నూరేళ్ల తర్వాత వుహాన్ వైద్యులు, డి-డైమర్ (రక్తం గడ్డకడుతోందని సూచించే రక్తపరీక్ష అంకె) బాగా పెరిగిన కోవిడ్ రోగుల్లో మరణాలు ఎక్కువగా ఉండటం, వారిలో హెపారిన్ పొందినవారు కొంత మెరుగ్గా ఉండటం చూశారు. 2020 మేలో వెలువడిన శవపరీక్షల నివేదికలో, ఇన్‌ఫ్లూయెంజాతో పోలిస్తే కోవిడ్ ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో గడ్డలు తొమ్మిది రెట్లు ఎక్కువగా కనిపించాయి. వాపు రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తే అక్కడ రక్తం గడ్డకడుతుంది కాబట్టి, స్టెరాయిడ్ మూలాన్ని, హెపారిన్ పర్యవసానాన్ని అడ్డుకుంటాయన్న తర్కం సహజంగానే వైద్యులకు నచ్చింది.

ఆ తర్కాన్నే ఇంకొంచెం ముందుకు లాగి చాలాచోట్ల గడ్డలు రాకుండా ఇచ్చే చిన్న మోతాదుకు బదులు, ఏర్పడిన గడ్డలకు చికిత్సగా ఇచ్చే పూర్తి మోతాదు హెపారిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. మూడు అంతర్జాతీయ ట్రయల్స్ కలిసి 2021 ఆగస్టులో ప్రచురించిన ఫలితాలు వైద్యులు ఊహించినదానికి భిన్నంగా వచ్చాయి. ఐసీయూ స్థాయి చికిత్స ఇంకా అవసరం కాని రోగుల్లో పూర్తి మోతాదు మేలు చేసింది. అప్పటికే విషమించినవారిలో ప్రయోజనం లేకపోగా, తీవ్ర రక్తస్రావం 2.3 శాతం బదులు 3.8 శాతం మందిలో కనిపించింది. ఒకే మందు, ఒకే జబ్బు. కొద్ది రోజుల తేడాతో ఫలితం తారుమారైంది.

మన దగ్గర నష్టం ఎక్కువగా స్టెరాయిడ్ వైపు నుంచి వచ్చింది. జ్వరం వచ్చిన రెండో రోజే, ఆక్సిజన్ స్థాయి బాగున్నా, స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టినవారు ఎందరో. తేలికపాటి జబ్బుకు తొలి దశలోనే వీటిని వాడితే ప్రమాదమని 2021 మే మొదట్లోనే ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా హెచ్చరించారు. అసలే మధుమేహం ఎక్కువగా ఉన్న ప్రాంతంలో స్టెరాయిడ్ చక్కెరను మరింత పెంచడంతో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. తెలంగాణ ప్రభుత్వం అదే నెల 20న దాన్ని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించి, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన చికిత్సా కేంద్రం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. కన్నో, దవడో పోగొట్టుకున్నవారిలో మొదట్లో స్టెరాయిడ్ అవసరమే లేనివారూ ఉన్నారన్నది ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

మోతాదు గురించి మిగిలిన సందేహాన్ని 2023లో రికవరీ బృందమే తీర్చింది. మామూలు ఆక్సిజన్‌తో సరిపోతున్నవారికి ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇస్తే మరణాలు 12 శాతం నుంచి 19 శాతానికి పెరిగాయి. ఇక తీవ్ర ఇన్‌ఫ్లూయెంజా విషయంలో, కోవిడ్ అనుభవం తర్వాత కూడా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు స్టెరాయిడ్లు వద్దనే వైపే మొగ్గాయి.