పాముకి పుట్ట పెట్టడం

చీమలు పెట్టిన పుట్టలో పాము దూరిందని సామెత. నిజానికి ఆ పుట్టలు పెట్టేవి చెదపురుగులు. ఆ సంగతి పక్కన పెడితే, సామెత చెప్పిన అసలు మాటలో తప్పేమీ లేదు. పాములకి ఇల్లు కట్టుకునే విద్య దాదాపుగా తెలియదు. ఆడ రాచనాగు ఒక్కటే ఆకులూ రెమ్మలూ పోగేసి గూడు కడుతుంది, అదీ గుడ్ల కోసం. మిగతావి దొరికిన చోట తల దాచుకుంటాయి: ఎలుక బొరియ, చెట్టు తొర్ర, రాతి సందు, చెదల పుట్ట. ఒకే చోట ఉండిపోవు కూడా. ఎండ ముదిరితే లోపలికి, చల్లబడితే పైకి, ఆకలేస్తే ఇంకోవైపు.

అలాంటి ప్రాణిని తెచ్చి పెట్టెలో పెట్టామంటే పుట్ట పెట్టే పని మన మీద పడ్డట్టే. అది అడవిలో రోజంతా తిరిగే నాలుగైదు చోట్లూ ఆ కాస్త జాగాలోనే సర్దాలి. పాముల పెంపకంలో జరిగే తప్పుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

ఇళ్ళలో ఎక్కువగా పెంచేవి బాల్ పైథాన్, కార్న్ స్నేక్. రెండింటికీ విషం లేదు. మొదటిది పశ్చిమ, మధ్య ఆఫ్రికాది. పెద్దదైతే మీటరు నుంచి మీటరున్నర. భయపడితే తలని మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, పేరు అందుకే వచ్చింది. ఎలుకల బొరియల్లో, చెదల పుట్టల్లో కాపురం. రెండోది అమెరికా ఆగ్నేయ ప్రాంతానిది, సన్నగా చురుగ్గా ఉంటుంది, చెట్లెక్కుతుంది. ఈ వ్యాసంలో చెప్పేది ముఖ్యంగా ఈ రెండింటి గురించి. అడవిలో పుట్టిన పామును పట్టుకొచ్చి పెంచడం వేరే సంగతి. చాలా దేశాల్లో అది నేరం, పైగా అలాంటి పాము పెట్టెలో తిండి మానేసి చిక్కిపోవడం మామూలే. ఎక్కడ ఏ పాముకి అనుమతి ఉందో ముందు కనుక్కుని, ఆ తర్వాతే పెట్టె గురించి ఆలోచించాలి.

ఇక వేడి సంగతి. పాము శీతల రక్త జంతువు అని బడిలో చదువుకున్నాం. ఆ మాట వింటే దాని రక్తం ఎప్పుడూ చల్లగా ఉంటుందనిపిస్తుంది. ఎండలో కాచుకున్న పాము రక్తం మన రక్తానికి దగ్గర వేడిలో ఉండొచ్చు. తేడా అల్లా, మనం తిన్న తిండిని కాల్చి లోపలే వేడి పుట్టించుకుంటాం, పాము ఆ వేడిని బయట నుంచి తెచ్చుకుంటుంది. చుట్టూ గాలి ఎంత వెచ్చగా ఉంటే సరీసృపాల ఒళ్ళూ అంతే వెచ్చగా ఉంటుందని ఒకప్పుడు అనుకునేవారు. కౌల్స్, బోగర్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1944లో అచ్చేసిన పరిశోధన ఆ నమ్మకాన్ని తిప్పేసింది. ఎడారి బల్లులూ పాములూ ఎండలోకి నీడలోకి మారుతూ, తమకు కావలసిన కొద్ది డిగ్రీల మధ్యలోనే ఒంటి వేడిని నిలుపుకుంటాయని వాళ్ళు చూపించారు. మన శరీరం లోపల చేసే పనిని పాము నడకతో చేస్తుందన్నమాట.

కాబట్టి పెట్టె మొత్తం ఒకే వేడిలో ఉంటే, ఆ వేడి ఎంత సరైనదైనా లాభం లేదు. ఒక కొస వెచ్చగా, ఇంకో కొస చల్లగా ఉండాలి. బాల్ పైథాన్‌కి వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 25 దగ్గర. కార్న్ స్నేక్‌కి రెండు వైపులా రెండు మూడు డిగ్రీలు తక్కువైనా సరిపోతుంది. తిన్నాక పాము వెచ్చని వైపు చేరుతుంది. ఆ వేడి దొరక్కపోతే పొట్టలో మాంసం అరిగే లోపే కుళ్ళడం మొదలవుతుంది, అప్పుడు కక్కేస్తుంది.

ఇక్కడే ఒక చిన్న విషయం చాలామంది వదిలేస్తారు. దాక్కునే గూడు ఒకటే పెట్టి, దాన్ని వెచ్చని వైపు పెడతారు. పాముకి వేడెక్కింది, చల్లని వైపు వెళ్ళాలి. వెళ్తే అక్కడ దాక్కోవడానికి చోటు లేదు. దాని లెక్కలో బయటపడటం అంటే గద్ద కంట్లో పడటమే. అందుకని ఉడికిపోతూ కూడా గూట్లోనే ఉంటుంది. చూసేవాళ్ళేమో 'అబ్బ, ఎంత హాయిగా పడుకుందో' అనుకుంటారు. రెండు వైపులా రెండు గూళ్ళు, ఒళ్ళు గోడలకి తగిలేంత ఇరుకుగా ఉండేవి, ఉంటే ఈ చిక్కు లేదు.

వేడి కోసం కింద కరెంటుతో వేడెక్కే చాప, అంటే హీట్ మ్యాటో, పైన బల్బో వాడతారు. ఏది వాడినా, వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ లేకుండా మాత్రం వద్దు. అదుపు లేని హీట్ మ్యాట్ 45 డిగ్రీలు దాటగలదు. పొట్ట కింద కాలుతున్నా పాము చాలాసార్లు అక్కడి నుంచి కదలదు. పొట్ట పొలుసులు కాలిపోయి చీము పట్టిన పాములు పశువైద్యులకి కొత్తేమీ కాదు. థర్మామీటరు కూడా గోడకి అంటించేది కాకుండా, పాము పడుకునే చోటే కొలిచే ప్రోబ్ ఉండాలి. గోడ మీద 28 చూపిస్తూ నేల మీద 40 ఉండటం పెద్ద వింతేమీ కాదు.

జబ్బు చేసినా ఈ వేడే దిక్కు. 1975లో ఎడారి ఇగ్వానాలనే బల్లుల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. బ్యాక్టీరియా ఎక్కించిన బల్లుల్ని వేర్వేరు వేడుల్లో ఉంచితే, వెచ్చగా ఉన్నవి ఎక్కువ బతికాయి, చల్లగా ఉన్నవి ఎక్కువ చచ్చిపోయాయి. స్వేచ్ఛగా వదిలితే జబ్బు చేసిన బల్లి తనే వెళ్ళి వెచ్చని చోట కూర్చుంటుంది. మనకి జ్వరం దానంతట అదే వస్తుంది, సరీసృపం జ్వరాన్ని వెతుక్కుంటూ వెళ్ళాలి. వెళ్ళే దారి మనం ఉంచితేనే.

పెట్టె ఎంత పెద్దది ఉండాలన్న దాని మీద పెంచేవాళ్ళ మధ్య పెద్ద గొడవే ఉంది. చిన్న డబ్బాలోనే పాము ధైర్యంగా ఉంటుంది, పెద్దదైతే టెన్షన్ పడి తిండి మానేస్తుందని పాత వాదన. ఇందులో సగం నిజం. నాలుగు వైపులా గాజుతో, లోపల ఏమీ లేని పెద్ద పెట్టెలో పెడితే ఏ పామైనా బెదురుతుంది. కానీ బెదురు పుట్టించేది చోటు కన్నా ఆ బోడితనం. ఆకులూ, కొమ్మలూ, బెరడు ముక్కలూ నింపి, ఒక మూల నుంచి ఇంకో మూలకి కనపడకుండా పోయే దారి ఉంచితే, పెద్ద పెట్టెలోనూ బాగా తింటుంది. చోటు దొరికితే పాములు ఒళ్ళంతా నిటారుగా సాచి పడుకుంటాయని 2019లో వచ్చిన ఒక పరిశీలన చూపించింది. పాము పొడవు కన్నా పెట్టె పొడవు తగ్గకూడదన్నది నా ఉద్దేశం. సాచుకోవడం కూడా కుదరని చోటుని ఇల్లు అనలేం.

దానికి తెలివేముంది, డబ్బా అయితేనేం అనేవాళ్ళూ ఉన్నారు. 1999లో కార్న్ స్నేక్ పిల్లల్ని గుండ్రటి తొట్టిలో వదిలి, బయటపడే కన్నం ఎక్కడుందో నేర్చుకుంటాయా అని చూశారు. నేర్చుకున్నాయి, రోజురోజుకీ తొందరగా కనుక్కున్నాయి. 2006లో ర్యాట్ స్నేక్‌ల మీద జరిగిన ఇంకో ప్రయోగంలో, కొమ్మలూ గూళ్ళూ ఉన్న పెట్టెల్లో పెరిగినవి బోడి పెట్టెల్లో పెరిగిన వాటికన్నా చురుగ్గా అలాంటి చిక్కు విప్పాయి.

ఈ తెలివి పెట్టె మూత దగ్గర కూడా పనిచేస్తుందని పెంచేవాళ్ళు త్వరగానే తెలుసుకుంటారు. తల పడితే ఒళ్ళు పట్టినట్టే. మూతకి గొళ్ళెమో తాళమో ఉండాల్సిందే, బరువు పెడితే సరిపోదు. రాత్రంతా ముక్కుతో మూలల్ని నెట్టి చూస్తుంది. ముక్కు మీద పొలుసులు అరిగిపోయి ఎర్రబడ్డాయంటే లోపల ఏదో దానికి నచ్చలేదనే.

కింద పరిచేది కొబ్బరి పీచు పొడో, ఆస్పెన్ చెక్క తురుమో ఏదైనా సరే, దేవదారు జాతి చెక్క పొట్టు మాత్రం వద్దు, దాని ఘాటు ఊపిరితిత్తులకి చేటు. ఒళ్ళు పట్టేంత నీళ్ళ గిన్నె. పగలు వెలుగు, రాత్రి చీకటి. స్పీకర్ పెట్టిన బల్ల మీద పెట్టె ఉంచకూడదు. పాముకి చెవి కన్నం లేదు గానీ లోపలి చెవి ఉంది, నేల అదురు దవడ ఎముకల గుండా దానికి చేరుతుంది. బాల్ పైథాన్‌కి గాలిలో వచ్చే శబ్దం కన్నా ఈ అదురే బాగా తెలుస్తుందని 2012లో మెదడు సంకేతాలు కొలిచి తేల్చారు.

గాల్లో తేమ సరిపోయిందా లేదా అన్నది కుబుసం చెబుతుంది. విడిచే ముందు పాము రంగు మసకబారుతుంది, కళ్ళు పాల నీలంగా మారతాయి. పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం చేరడం వల్ల ఈ మసక. కొన్ని రోజులకి కళ్ళు మళ్ళీ తేటపడతాయి. 'అయిపోయిందేమో' అనుకునే లోపు, ఒక రాత్రి బెరడు ముక్కకేసి మూతి రాయడం మొదలుపెడుతుంది. పెదవి అంచు దగ్గర పొర చిట్లుతుంది. తర్వాత అంతా నడకే. మేజోడు తిరగేసి లాగినట్టు, పాము ముందుకి పోతుంటే చర్మం వెనక్కి మడత పడుతూ ఊడివస్తుంది. అప్పుడే విడిచిన కుబుసం చేతిలోకి తీసుకుంటే తడిగా, మెత్తగా, పలచటి పాలిథిన్‌లా ఉంటుంది. పొలుసు పొలుసుకీ అచ్చు దిగి ఉంటుంది. సాగడం వల్ల పాము కన్నా పొడుగ్గా ఉంటుంది.

ముందు తల దగ్గర చూడాలి. పాముకి రెప్పలు లేవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. కుబుసంలో ఆ రెండు అద్దాలూ వచ్చాయంటే ఫరవాలేదు. రాలేదంటే అవి ఇంకా కంటి మీదే ఉన్నాయి. తోక చివర పొర ఉండిపోతే ఎండి ఉంగరంలా బిగిసి రక్తం ఆడనివ్వదు. గోటితో పీకకూడదు. తడి నాచు నింపిన డబ్బాలో కాసేపు ఉంచితే చాలాసార్లు అదే వస్తుంది, కంటి పొర రాకపోతే వైద్యుడి పని. బాల్ పైథాన్‌కి 60 శాతం దగ్గర తేమ ఉంటే అసలు ఈ అవస్థే రాదు.

తిండి ఎలుకలే. ఫ్రీజ్ చేసినవి కరిగించి, వెచ్చబెట్టి, పొడుగాటి పట్టకారుతో అందించాలి. వెచ్చబెట్టడం ఎందుకంటే బాల్ పైథాన్ పెదవుల మీద వరసగా చిన్న గుంటలుంటాయి, అవి వేడిని 'చూస్తాయి'. ఆ గుంటల నరాల్లో వేడికి స్పందించే ప్రొటీన్ ఏదో 2010లో కనుక్కున్నారు. మనుషుల్లో అదే ప్రొటీన్ ఆవాల ఘాటుని పసిగడుతుంది. చల్లటి ఎలుక పైథాన్‌కి రాయితో సమానం. ఎలుక వాసన అంటిన వెచ్చటి చెయ్యి మాత్రం ఎలుకే, కాబట్టి ముందు చేతులు కడుక్కోవాలి. బతికున్న ఎలుకని లోపల వదిలేయడం ఎలుకకీ హింస, పాముకీ ప్రమాదం. ఆకలి లేని పాముని ఎలుక ఎముక దాకా కొరికేసిన సందర్భాలున్నాయి.

మింగాక లోపల జరిగేది మరీ విచిత్రం. బాల్ పైథాన్ కన్నా చాలా పెద్దగా పెరిగే బర్మీస్ పైథాన్ తిన్న 48 గంటల్లో గుండె కండ సుమారు 40 శాతం పెరుగుతుందని 2005లో కొలిచారు. పేగులు, కాలేయం, మూత్రపిండాలు కూడా ఉబ్బుతాయి, అరిగాక మళ్ళీ తగ్గుతాయి. అంటే మూలబెట్టిన ఫ్యాక్టరీని ప్రతి భోజనానికీ మళ్ళీ తెరుస్తుంది. ఆ రెండు రోజులూ దాన్ని ఎత్తుకుని ఆడించడం తగదు, కక్కేస్తుంది. పిల్ల పాముకి వారానికోసారి, పెద్ద బాల్ పైథాన్‌కి రెండు మూడు వారాలకోసారి పెడితే చాలు. జాలిపడి ఎక్కువ పెడితే కొవ్వు పడుతుంది. బాల్ పైథాన్ చలికాలంలో నెలల తరబడి తినకపోవడం కూడా ఉంది. బరువు తూచి రాసుకుంటుంటే కంగారు అక్కర్లేదు, తగ్గుతుంటే మాత్రం వైద్యుడికి చూపించాలి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా అసలు ఆగకూడదు.

తోడు ఉంటే బాగుంటుందని రెండింటిని కలిపి పెట్టాలనిపించవచ్చు. గార్టర్ పాములు కొన్ని తోటి పాముల పక్కనే చేరడానికి ఇష్టపడతాయని 2020లో ఒక అధ్యయనం వచ్చింది, నిజమే. కానీ కింగ్ స్నేక్ తోటి పాముల్నే తినే రకం, దాని పక్కన ఇంకో పామును పెడితే మర్నాటికి ఒకటే మిగలవచ్చు. బాల్ పైథాన్లు కూడా వెచ్చని గూడు కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటే మనం దాన్ని ప్రేమ అనుకుంటాం. ఒక పెట్టెలో ఒక పాము.

మనల్ని గుర్తుపడుతుందా, ఇష్టపడుతుందా అని అడుగుతుంటారు. అలవాటు పడుతుంది. నాలుక నెమ్మదిగా ఆడిస్తూ చేతి మీద పాకుతుంటే భయపడట్లేదని అర్థం. అంతకన్నా ఎక్కువ ఆశించేవాళ్ళు కుక్కని తెచ్చుకోవడం మంచిది. పట్టుకున్న తర్వాత సబ్బుతో చేతులు కడగాలి, పాము ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో అసలు వద్దని వైద్యులంటారు.

రంగుల మోజు ఇంకొకటి. బాల్ పైథాన్లలో స్పైడర్ అనే రకం ఉంది, ఒంటి మీద సాలెగూడు లాంటి గీతలు. ఆ గీతలిచ్చే జన్యువే లోపలి చెవిని వంకర చేస్తుంది. పాము తల వణుకుతూ, తిరగేసుకుంటూ ఉంటుంది, ఎలుకని గురి చూసి పట్టలేదు. అందమైన గీతల కోసం తల తిరిగే పాముల్ని పుట్టించడం నాకు ఏ కోణంలోనూ సబబుగా అనిపించదు.

పెంచలేక వదిలేస్తే ఏమవుతుందో ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో చూడవచ్చు. వదిలేసినవి, తప్పించుకున్నవి అయిన బర్మీస్ పైథాన్లు అక్కడ స్థిరపడ్డాయి. 2012లో వచ్చిన లెక్క ప్రకారం, అవి ఎక్కువగా ఉన్న చోట రోడ్ల పక్క రకూన్లనే చిన్న జంతువులు కనిపించడం 99 శాతం తగ్గింది. అరచేతిలో పట్టిన పిల్ల ఐదు మీటర్లవుతుందని తెచ్చుకున్న రోజు ఎవరూ ఊహించి ఉండరు.

బాల్ పైథాన్ అంత పెరగదు గానీ, సరిగ్గా చూసుకుంటే 20, 30 ఏళ్ళు మామూలుగా బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూకి 1961లో ఒకరు తమ బాల్ పైథాన్‌ని ఇచ్చేశారు. 2020 నాటికి దానికి పక్కన మగపాము లేక కనీసం 15 ఏళ్ళయింది. ఆ ఏడాది జూలైలో, 60 ఏళ్ళు దాటిన వయసులో, అది ఏడు గుడ్లు పెట్టి వాటి చుట్టూ చుట్టుకుని పడుకుంది.