ఎస్‌ఓపీల్లో హీ, షీ, దే: కొన్ని అపోహలు, వాస్తవాలు

పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీలకి ఎస్‌ఓపీలు, అంటే ఏ పని ఏ వరసలో ఎలా చెయ్యాలో చెప్పే కాగితాలు, రాయడం నా పని, ముందు ఇంగ్లీషులో రాస్తాను, ఆ తర్వాత ప్లాంటులో పనిచేసేవాళ్ల కోసం అదే తెలుగులో రాస్తాను. ప్రతి రివ్యూలోనూ ఒకటే గొడవ, ఆపరేటర్‌ని హీ అనాలా, షీ అనాలా, దే అనొచ్చా అని.

అపోహ: ఒక్క మనిషిని దే అనడం తప్పు గ్రామర్, ఈమధ్య వచ్చిన ఫ్యాషన్.

వాస్తవం: ఇంగ్లీషులో ఈ వాడుక 14వ శతాబ్దం నుంచీ ఉంది. యూ కూడా ఒకప్పుడు బహువచనమే, అందుకే ఇప్పటికీ ఒక్కరితో మాట్లాడినా యూ ఆర్ అంటాం. ఇంగ్లీషు ఎలా రాయాలో చెప్పే పుస్తకాలు కూడా అదే అంటున్నాయి, ఏపీఏ మాన్యువల్ 2019లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో ఏకవచన దేని వాడమనే చెప్పింది, షికాగో మాన్యువల్ 2024 ఎడిషన్ కూడా ఒప్పుకుంది. అంతెందుకు, మన ఇంటి తలుపు ఎవరైనా కొడితే ఒక్కరే అని తెలిసినా "ఎవరొచ్చారు" అనే అడుగుతాం కదా, ఎవడొచ్చాడు అంటే తిట్టినట్టుంటుంది.

కాకపోతే ఒక జాగ్రత్త. ఆపరేటర్ ఫిల్టర్లు తీశాక "దే మస్ట్ బీ డ్రై" అని రాస్తే ఆరాల్సింది ఫిల్టర్లా, మనిషా? ఇలాంటి చోట దే వద్దు, ఫిల్టర్లు అనో ఆపరేటర్ అనో ఆ మాటే మళ్లీ రాయండి. రెండుసార్లు ఆపరేటర్ అని వస్తే అందం పోతుందని కొందరు బాధపడతారు గానీ ఎస్‌ఓపీకి అందం కన్నా అర్థం ముఖ్యం.

అపోహ: హీ అంటే ఆడవాళ్లు కూడా వస్తారని చట్టమే చెప్పింది.

వాస్తవం: చెప్పింది, 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ 13వ సెక్షన్‌లో. అది చట్టాల్ని ఎలా చదవాలో చెప్పే మాట, మన ఎస్‌ఓపీకి పెట్టిన రూల్ కాదు. ల్యాబ్‌లో సంతకం పెట్టే అమ్మాయి ఆ సెక్షన్ గుర్తుపెట్టుకుని చదవదు.

అపోహ: తెలుగులో ఈ సమస్యే లేదు, అతడు ఆమె తీసేస్తే చాలు.

వాస్తవం: ఇదే అన్నిటికన్నా పెద్ద పొరపాటు, నేనూ చేశాను. తెలుగులో లింగం క్రియలో కూచుంటుంది, ఆపుతాడు, ఆపుతుంది అని. ఎప్పుడూ మగవాళ్లేనా అనుకుని ఒకసారి ఒక సెక్షన్ అంతా ఆడవాళ్ల క్రియలతో రాశాను. "వాల్వ్ క్లోజ్ చేసి, ఐదు నిమిషాలు ఆగి, పంపు ఆపుతుంది." ట్రైనింగ్‌లో అది చదివిన హెల్పర్ అప్ప ఒకామె వేలు ఆ లైను మీదే పెట్టి "అదే ఆపేస్తాదా బాబూ, మనం ఆపాలా?" అంది. నాకు గుండె ఝల్లుమంది, ఎందుకంటే ఆమె చదివింది కరెక్టే, మన భాషలో ఒక ఆడమనిషికీ మెషిన్‌కీ క్రియ ఒకటే, ఆటోమేటిక్‌గా ఆగుతుందని ఎవరైనా పంపు వదిలేసి పోయుంటే?

అదే రోజు మార్చాను. "ఆపరేటర్ వాల్వ్ క్లోజ్ చెయ్యాలి. ఐదు నిమిషాలు ఆగాలి. తర్వాత పంపు ఆపాలి." చెయ్యాలి, ఆపాలి అనే ఈ రూపానికి ఆడా మగా తేడా లేదు, మెషిన్ చేసేస్తుందన్న అనుమానమూ రాదు. అతడు/ఆమె, ఆపుతాడు/ఆపుతుంది అని గీతలు పెట్టుకుంటూ పోతే మూడో లైనుకే చదివేవాళ్లు వదిలేస్తారు.

అపోహ: అయితే అన్నిచోట్లా వారు అని పెట్టేద్దాం.

వాస్తవం: లెటర్లలో, అప్లికేషన్లలో బాగానే ఉంటుంది. ఒక్కో బ్యాచ్ మందు తయారీలో ఎవరేం చేశారో రాసే బ్యాచ్ రికార్డులో మాత్రం పని చేసేది ఒకరు, చెక్ చేసేది ఇంకొకరు, అక్కడ "వారు సంతకం చేస్తారు" అంటే ఎవరు, ఎంతమంది? "ఆపరేటర్ ఒకరు, చెక్ చేసిన కెమిస్ట్ ఒకరు సంతకం చెయ్యాలి" అని విడిగా రాయండి. అలాగే వినియోగదారుడు, దరఖాస్తుదారుడు అన్న మాటల్లో చివర డు తీసేయండి, వినియోగదారు, దరఖాస్తుదారు అన్నవి తెలుగులో ఎప్పట్నించో ఉన్న మాటలే.