లీకైన బుడగ మోగుతుంది

"సముద్రం అడుగున కార్బన్ డయాక్సైడ్ దాచిపెడుతున్నారు కదా, అది లీకైతే ఎవరికి తెలుస్తుంది?" అని ఒక పాఠకురాలు అడిగారు. కామెరూన్‌లోని న్యోస్ సరస్సు గురించి చదివాక ఆమెకు ఈ భయం పట్టుకుందట. 1986 ఆగస్టులో ఆ సరస్సులోంచి ఒక్కసారిగా పొంగిన ఇదే వాయువు 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. అయితే న్యోస్ లోతైన నీటిలో కదలిక లేదు. అందుకే వాయువు అడుగున ఏళ్ల తరబడి పోగుపడింది. ఉత్తర సముద్రం లాంటి చోట ఆటుపోట్లు, తుఫాన్లు నీటిని కలియబెడుతూనే ఉంటాయి, అలా పోగుపడనివ్వవు. అక్కడ చూసుకోవాల్సింది చిన్న చిన్న బుడగల ఊటలని.

ఈ వాయువును ఎందుకు దాస్తారు, ఎలా పట్టుకుంటారు అన్న జోలికి ఇక్కడ పోను. నార్వే వాళ్లు ఉత్తర సముద్రంలోని స్లైప్‌నర్ గ్యాసు క్షేత్రం దగ్గర 1996 నుంచి ఏటా పది లక్షల టన్నుల దాకా సముద్రం అడుగునున్న ఇసుకరాతిలోకి పంపుతూ వచ్చారు. లోపల అది ఎటు పాకుతోందో కొన్నేళ్లకోసారి సీస్మిక్ సర్వేతో, అంటే నేలలోకి ధ్వని తరంగాలు పంపి వాటి ప్రతిధ్వనులతో, చూస్తారు. కానీ సముద్రపు నేల మీద సన్నటి కారుడు ఆ సర్వేకు చిక్కదు. దాన్ని పట్టుకునే దారుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, బుడగ చప్పుడు వినడం.

అవును, బుడగ మోగుతుంది. వాగు గలగలలో మనం వినేది చాలావరకు అప్పుడే పుట్టిన గాలి బుడగల చప్పుడే. 1933లో మార్సెల్ మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త దీనికి సూత్రం కట్టాడు. బుడగలోని వాయువును స్ప్రింగు అనుకోండి, చుట్టూ ఉన్న నీరు దానికి కట్టిన బరువు. మట్టిలోంచి బుడగ తెగి విడిపోయే క్షణంలో ఆ స్ప్రింగుకు ఒక కుదుపు తగులుతుంది. కొన్ని మిల్లీసెకన్లు ఊగి ఆగిపోతుంది. బుడగ పెద్దదయ్యే కొద్దీ నీటి బరువు స్ప్రింగు బలం కంటే త్వరగా పెరుగుతుంది, అందుకే శ్రుతి తగ్గుతుంది. నీటి పైభాగాన ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న గాలి బుడగ సెకనుకు సుమారు 3,260 సార్లు ఊగుతుంది. వ్యాసార్ధం రెండు మిల్లీమీటర్లయితే అందులో సగం. బడిలో స్ప్రింగు లెక్క చెప్పే రోజున ఈ బుడగనూ చెప్తే ఎంత బాగుంటుంది! గ్లాసు నీళ్లు, ఒక స్ట్రా చాలు.

ఇప్పుడు 120 మీటర్ల లోతుకు దిగుదాం. అక్కడి పీడనం పైకంటే దాదాపు 13 రెట్లు. స్ప్రింగు బిగుసుకుంటుంది, శ్రుతి 13 వర్గమూలమంత, అంటే 3.6 రెట్లు పెరుగుతుంది. గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ కాబట్టి సుమారు 4 శాతం తగ్గించాలి. అదే మిల్లీమీటరు బుడగ అక్కడ 11,300 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు అన్నిసార్లు ఊగుతూ, మోగుతుంది. అంటే హైడ్రోఫోన్‌లో, అదే నీటిలో చప్పుడు వినే మైకులో, శ్రుతి వింటే వ్యాసార్ధం తెలుస్తుంది, దాన్నుంచి ఘనపరిమాణం వస్తుంది. నిమిషానికి ఎన్ని బుడగలు మోగాయో దానితో గుణిస్తే ఎంత వాయువు కారుతోందో తేలిపోతుంది!

చిక్కల్లా ఘనపరిమాణం కోసం వ్యాసార్ధాన్ని మూడుసార్లు గుణించాల్సి రావడంతోనే. శ్రుతి కొలతలో 10 శాతం తప్పితే వాయువు లెక్క 30 శాతం దాకా తప్పుతుంది. బుడగలు గుంపుగా వస్తే చప్పుళ్లు కలిసిపోతాయి. అప్పుడు ఏ శ్రుతి దగ్గర ఎంత శక్తి ఉందో చూసి వెనక్కి లెక్కకట్టాలి. ఒక్కో బుడగ మొదట ఎంత గట్టిగా మోగిందన్నది అందులో అంచనాయే.

2012లో స్కాట్లాండ్‌లోని ఆర్డ్‌మక్నిష్ అఖాతంలో కావాలనే 37 రోజులపాటు 4.2 టన్నుల వాయువును నేల కిందినుంచి వదిలారు. పాటు సమయంలో పైనున్న నీటి బరువు తగ్గి బుడగలు పెరిగాయి, హైడ్రోఫోన్లు ఆ తేడాను పట్టుకున్నాయి. కానీ వదిలినదాంట్లో ఎక్కువ భాగం బుడగలుగా రానేలేదు, మట్టిలోనే ఉండిపోయింది. బయటపడిన బుడగలు కూడా కొద్ది మీటర్లు లేచేలోపే నీటిలో కరిగిపోతాయి. కరిగినదానికి చప్పుడు లేదు.

అందుకని నీటినీ పరీక్షించాలి. ఇక్కడ మరో తిరకాసు. సముద్రజీవులూ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అయితే అవి దానికి తగ్గట్టు ఆక్సిజన్ వాడుకుంటాయి. రాతిలోంచి కారిన వాయువు ఆక్సిజన్‌ను ముట్టుకోదు. ఒకటి పెరిగి రెండోది తగ్గకపోతే అనుమానించాలి.

జపాన్‌లోని తొమకొమైలోనూ సముద్రం అడుగుకు ఈ వాయువును పంపారు. అక్కడ 2016లో సరిగ్గా ఇలాంటి కొలతే హద్దు దాటింది. టెన్షన్ పడాల్సిన విషయమే. అప్పటికి ఆగి ఉన్న పంపకాన్ని 2017 ఫిబ్రవరి దాకా మళ్లీ మొదలుపెట్టలేదు. చివరికి అది సముద్రపు సహజమైన మార్పేనని తేల్చారు. హద్దు గీయడానికి ముందుగా తీసుకున్న కొలతలు ఆ నీటి ఏటేటి తేడాలన్నిటినీ చూపేంత లేవు. అందుకే మొదటి టన్ను లోపలికి వెళ్లకముందే, ఒక్క ఏడాదితో సరిపెట్టకుండా, అక్కడి నీటిని కొలవాలంటాను. తొమకొమైలో 2019 నవంబరుకల్లా మూడు లక్షల టన్నులు పంపి ఆపేశారు. సముద్రాన్ని కొలవడం మాత్రం ఆ తర్వాత కూడా సాగింది.